చైనా రూమ్మేట్ ఇంగ్లీష్‌లో కాంట్ మొదలుపెట్టి ఆగిపోయాడు, ఏ భాషలో చదవమనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ రూమ్మేట్ చెంగ్డూ అబ్బాయి, సాఫ్ట్‌వేర్, ఆఫీసు పనంతా ఇంగ్లీష్‌లోనే చేస్తాడు, పాశ్చాత్య తత్వశాస్త్రం "ఒరిజినల్‌గా" ఇంగ్లీష్‌లో చదవాలని జర్మన్ తత్వవేత్త కాంట్ మొదటి క్రిటిక్ ('క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్') కొనుక్కొచ్చి ముందుమాటల దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు చైనీస్ అనువాదం తెప్పించుకోవాలా లేక ముందు ఇంగ్లీష్ ఇంకా గట్టి చేసుకోవాలా అని అడుగుతున్నాడు, మీరు కూడా తోడుగా చదువుదామనుకుంటున్నారు.

సూటిగా చెప్తా. ఇంగ్లీష్‌లో రాసినవాళ్ళని ఇంగ్లీష్‌లో చదవమనండి. మిగతావాళ్ళ విషయంలో ఇంగ్లీష్‌కి ప్రత్యేకంగా ఇవ్వాల్సిన గౌరవం ఏమీ లేదు. కాంట్ రాసింది జర్మన్‌లో, కాబట్టి ఆ అబ్బాయి చేతిలో ఉన్నది కూడా అనువాదమే, చైనీస్‌లో దొరికేది కూడా అనువాదమే. ఏది ముందు అర్థమైతే అది ముందు చదివి రెండోది పక్కన పెట్టుకోవాలి, అంతే. ఇంకో మాట, మొదటి పుస్తకంగా ఆ క్రిటిక్ ఏ భాషలోనూ వద్దు. జర్మన్లకే అది మొదటి పుస్తకం కాదు.

నేను సింగపూర్‌లో ఒక యూనివర్సిటీలో ఫిలాసఫీ ట్యుటోరియల్స్ చాలా ఏళ్ళు నడిపాను, మెయిన్‌ల్యాండ్ చైనా పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉండేవాళ్ళు, తర్వాత వాళ్ళలో కొంతమందితో శనివారాలు ఒక రీడింగ్ గ్రూప్ కూడా నడిచింది. కింద చెప్పేదంతా ఆ గ్రూప్‌లో చూసిందే, చైనీస్ అనువాదాల గురించి చెప్పేది కూడా వాళ్ళు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని కొట్లాడుకున్నప్పుడు తేలిన సంగతులే.

"ఇంగ్లీష్ అంటే ఒరిజినల్" అన్న భ్రమ చైనా పాఠకులకి ఎందుకొచ్చిందంటే దానికి ఒక చరిత్ర ఉంది. పాశ్చాత్య ఆలోచన ఆధునిక చైనాకి చాలావరకు ఇంగ్లీష్ (ఇంకో పక్క జపనీస్) దారిలోనే వచ్చింది. యాన్ ఫూ అని ఒకాయన, 1870ల చివర్లో ఇంగ్లండ్ గ్రీనిచ్ నేవల్ కాలేజీలో చదువుకుని వెళ్ళి, 1898లో హక్స్లీని, తర్వాత ఆడమ్ స్మిత్‌ని, 1903లో మిల్ 'ఆన్ లిబర్టీ'ని చైనీస్‌లోకి తెచ్చాడు, అది కూడా మామూలు భాషలో కాదు, పాత పండితుల గ్రాంథికంలో. ఫ్రెంచ్ వాడైన మాంటెస్క్యూని కూడా ఆయన ఇంగ్లీష్ నుంచే తెచ్చాడు. కాంట్ మొదటి క్రిటిక్ సంగతి చూస్తే, 1960లో కమర్షియల్ ప్రెస్ వేసిన లాన్ గోంగ్‌వూ అనువాదం జర్మన్ నుంచి కాదు, కెంప్ స్మిత్ 1929 ఇంగ్లీష్ అనువాదం నుంచి చేసింది. అంటే అనువాదానికి అనువాదం. దాంతో కుస్తీ పట్టిన తరం వాళ్ళు "అసలు కాంట్ ఇంగ్లీష్‌లో ఉన్నాడు" అనుకుంటే తప్పు పట్టలేం. కానీ ఇప్పుడు పరిస్థితి అది కాదు. 2004లో డెంగ్ షియావ్‌మాంగ్, యాంగ్ జూతావ్‌ల అనువాదం వచ్చింది, అది నేరుగా జర్మన్ నుంచి. మీ రూమ్మేట్ చైనీస్ కాపీ తెప్పించుకునేటప్పుడు కవర్ మీద అనువాదకుడి పేరు, లోపల ఏ భాష నుంచి చేశారన్నది చూసుకోమనండి, డౌబాన్‌లో (చైనా వాళ్ళు పుస్తకాలకి రేటింగ్ ఇచ్చే సైట్) స్టార్లు చూసి కొనడం కంటే అది ముఖ్యం. ఇంగ్లీష్‌లో అయితే 1998 కేంబ్రిడ్జ్ ఎడిషన్, గయర్-వుడ్ ది, నమ్మకంగా తీసుకోవచ్చు.

ఇక ఇంగ్లీష్‌లో రాసినవాళ్ళ దగ్గర కథ వేరు. హాబ్స్, లాక్, బర్క్లీ, హ్యూమ్, మిల్, రస్సెల్, వీళ్ళని చైనీస్‌లో చదివితే నష్టమే. గ్వాన్ వెన్‌యున్ అనే ఒకే ఆయన లాక్‌నీ హ్యూమ్‌నీ బర్క్లీనీ అనువదించాడు, పెద్ద పని, కానీ హ్యూమ్ గొంతులో ఉండే వెటకారం అందులో ఎంత మిగిలిందని మా గ్రూప్‌లో వాళ్ళనే అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళు. రస్సెల్ 1912లో రాసిన 'ద ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ' మీ ఇద్దరికీ మొదటి పుస్తకంగా పెట్టుకోండి, పదిహేను చిన్న చాప్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆ స్టైల్ వెంటనే పట్టుబడుతుంది. పైగా రస్సెల్ చైనాకి పరాయివాడేం కాదు, 1920 చివర్లో వెళ్ళి దాదాపు ఏడాది బీజింగ్‌లో లెక్చర్లు ఇచ్చాడు, చావ్ యువాన్‌రెన్ లాంటి భాషావేత్త ఆయన పక్కన నిలబడి చైనీస్‌లో చెప్పేవాడు, అక్కడే జబ్బు చేసి చావుదాకా వెళ్తే ఆయన పోయాడని పేపర్లలో వార్త కూడా వచ్చేసింది. ఈ కథ చెప్తే మావాళ్ళకి పుస్తకం మీద కాస్త ప్రేమ పుట్టేది.

బర్క్లీ, హ్యూమ్‌ల వాక్యాలు మరీ పొడుగనిపిస్తే జోనాథన్ బెన్నెట్ అనే ఫిలాసఫర్ 'అర్లీ మోడర్న్ టెక్స్ట్స్' అని సైట్ పెట్టి వాటన్నిటినీ ఇప్పటి ఇంగ్లీష్‌లోకి విడగొట్టి ఉచితంగా ఇచ్చాడు, తను కలిపిన మాట ఎక్కడుందో గుర్తు కూడా పెట్టాడు. మొదటిసారి అది చదివి, రెండోసారి అసలుది చదవమనండి. అసలుది ఎగ్గొట్టొద్దు.

ఇప్పుడు అసలు అడ్డంకి. చాలామంది అది ఇంగ్లీష్ వొకాబులరీ అనుకుంటారు. నేను చూసినంతలో అది ముందే బుర్రలో ఉన్న లేబుళ్ళు. చైనాలో ప్లస్ టూ స్థాయిలోనే పాలిటిక్స్ సబ్జెక్టులో మార్క్సిస్టు ఫిలాసఫీ పాఠాలు ఉంటాయి, భౌతికవాదం (అన్నిటికీ మూలం పదార్థమే అనేది), భావవాదం (మూలం మనసే అనేది), మళ్ళీ అందులో ఆత్మాశ్రయం, వస్త్వాశ్రయం, ఎవరు ఏ గదిలోకి వస్తారో పరీక్షకి చదువుకుని వస్తారు. మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ క్లాసులకి వెళ్ళినవాళ్ళకి ఈ వ్యవహారం కొత్తగా చెప్పక్కర్లేదు. దాంతో ఏమవుతుందంటే బర్క్లీ పేరు వినగానే "ఆత్మాశ్రయ భావవాది" అని స్టాంపు పడిపోతుంది, ఇక ఆయన 1713 నాటి మూడు సంభాషణలు చదవడం అంటే ఆ స్టాంపు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడమే. ఒక ఫిజిక్స్ పీహెచ్‌డీ అమ్మాయి, చాలా తెలివైనది, మొదటి సంభాషణ మొత్తం చదివొచ్చి రెండు వాక్యాల్లో సారాంశం చెప్పింది, రెండూ స్కూల్ పుస్తకంలోవే. అప్పుడు నేను ఒక్కటే అడిగాను, అందులో బర్క్లీ తరఫున మాట్లాడే ఫిలోనస్ ఒక చేతిని వేడిగానూ ఇంకో చేతిని చల్లగానూ చేసి రెండూ ఒకే గిన్నె నీళ్ళలో పెట్టమంటాడు కదా, ఎదురు వాదించే హైలస్ అక్కడ ఎందుకు ఒప్పుకున్నాడు, నువ్వైతే ఒప్పుకుంటావా అని. ఒప్పుకోనంది, సెన్సర్ రీడింగ్ వేరు ఉష్ణోగ్రత వేరు అంది. మరి హైలస్ ఆ మాట అని ఉంటే ఫిలోనస్ ఏమనేవాడు? అక్కడి నుంచి గంటన్నర గడిచిపోయింది, ఆ రోజు భావవాదం అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

కాబట్టి మీ రూమ్మేట్‌కి ఒక రూల్ పెట్టండి, చదివేది చర్చించేటప్పుడు "వాదం" అని ముగిసే ఏ మాటా వాడకూడదు. ఇంగ్లీష్‌లో చదవడం వల్ల వచ్చే పెద్ద లాభం కూడా నా దృష్టిలో ఇదే, చైనీస్ అనువాదంలో ప్రతి రెండో లైనులో స్కూల్లో విన్న పదం ఎదురై "ఆ తెలిసిందేలే" అనిపిస్తుంది, ఇంగ్లీష్‌లో ఆ సౌకర్యం ఉండదు, నెమ్మదిగా నడవక తప్పదు.

వాక్యాల సంగతి ఒకటి మీకు, అతనికి ఇద్దరికీ ఉపయోగపడుతుంది. చైనీస్‌లో విశేషణ వాక్యం నామవాచకం ముందే వస్తుంది, మన తెలుగులోలాగే. "నిన్న మనం చూసిన సినిమా" అని ముందు వివరం, తర్వాత వస్తువు. ఇంగ్లీష్‌లో వస్తువు ముందొచ్చి వివరం వెనక తోకలాగా వేలాడుతుంది, లాక్, మిల్ లాంటివాళ్ళు ఆ తోకకి ఇంకో తోక, దానికి సెమీకోలన్ పెట్టి ఇంకోటి తగిలిస్తారు. మా గ్రూప్‌లో పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, అలాంటి వాక్యం వచ్చినప్పుడు ముందు ప్రధాన కర్త, ప్రధాన క్రియ రెండే పెన్సిల్‌తో గుర్తుపెట్టి, మిగతాదంతా పక్కన పెట్టి, ఆ రెండింటినీ సొంత భాషలో గట్టిగా చెప్పడం. తర్వాత ఒక్కో తోక కలుపుకుంటూ పోవడం. పేరా అయ్యాక మార్జిన్‌లో సొంత భాషలో ఒక్క లైను, అతను చైనీస్‌లో, మీరు తెలుగులో. ఇంగ్లీష్‌లో రాయొద్దు, ఇంగ్లీష్‌లో రాస్తే పుస్తకంలో మాటలే అటూఇటూ తిప్పి రాసేసి అర్థమైందనుకుంటాం. ఇలా చేస్తే ఒక సాయంత్రానికి నాలుగైదు పేజీలకంటే జరగదు, జరగక్కర్లేదు కూడా.

గ్రీకుల విషయానికొస్తే ప్లేటోని మంచి ఆధునిక ఇంగ్లీష్‌లో చదవొచ్చు, హ్యాకెట్ వాళ్ళ గ్రూబ్ అనువాదాలు హాయిగా ఉంటాయి, జోవెట్‌ది పంతొమ్మిదో శతాబ్దంది, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది గానీ ఆ భాష ఇంకో అడ్డంకి. ప్లేటోలో చైనా పాఠకుడికి నేను మొదట ఇచ్చేది 'యూథిఫ్రో' అనే సంభాషణ. చిన్నది, ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. దానికి నా కారణం వేరే ఉంది. అందులో యూథిఫ్రో అనేవాడు సొంత తండ్రి మీద హత్య కేసు పెట్టడానికి కోర్టుకొచ్చి ఉంటాడు, వాళ్ళ కూలివాడొకడు తాగి ఇంటి బానిసని చంపితే తండ్రి వాణ్ణి కట్టేసి గోతిలో పడేశాడు, వాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. చైనాలో చదువుకున్న ఎవరికైనా ఇక్కడ వెంటనే కన్ఫ్యూషియస్ 'అనలెక్ట్స్' 13వ అధ్యాయం గుర్తొస్తుంది, తండ్రి గొర్రెని దొంగిలిస్తే కొడుకు సాక్ష్యం చెప్పాడట, మా ఊళ్ళో నిజాయితీ అంటే అదీ అని ఒక ప్రభువు గొప్పగా చెప్తే, మా దగ్గర తండ్రి కొడుకుని కాస్తాడు, కొడుకు తండ్రిని కాస్తాడు, నిజాయితీ అందులోనే ఉందని కన్ఫ్యూషియస్ అంటాడు. ఇక చూడండి, గ్రూప్‌లో పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. వాళ్ళు ఎదురుచూసేది సోక్రటీస్ ఏ పక్షం అని, కొడుకు చేసింది తప్పా ఒప్పా అని. సోక్రటీస్ ఆశ్చర్యమైతే చూపిస్తాడు గానీ ఆ తీర్పు జోలికి పోడు. దైవభక్తి అంటే ఏంటి చెప్పు అని పట్టుకుంటాడు, దేవుళ్ళు ఇష్టపడుతున్నారు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి ఇష్టపడుతున్నారా అంటాడు, చివరికి ఏదీ తేలకుండానే యూథిఫ్రో పనుందని వెళ్ళిపోతాడు. నా గ్రూప్‌లో దాదాపు అందరికీ కోపం వచ్చేది, అసలు విషయం వదిలేసి ఈ ముసలాయన ఏం చేస్తున్నాడు అని. నేను ఆ కోపాన్ని చల్లార్చేవాణ్ణి కాదు. ఎందుకు వదిలేశాడు, డెఫినిషన్ లేకుండా తీర్పు చెప్పకూడదని ఆయన ఎందుకు అనుకుంటున్నాడు, కన్ఫ్యూషియస్ డెఫినిషన్ ఇవ్వకుండానే ఎలా తీర్పు చెప్పగలిగాడు, ఈ మూడూ రాసుకుని రమ్మనేవాణ్ణి. నన్నడిగితే చైనా పాఠకుడికి ఇక్కడ ఉన్న అడ్వాంటేజ్ అమెరికన్ కుర్రాడికి లేదు, ఎదురుగా అంతే బరువున్న ఇంకో సమాధానం అతని దగ్గర చిన్నప్పటి నుంచీ ఉంది.

కానీ దీనికే ఒక రోగం కూడా ఉంది. "ఇది మా జువాంగ్‌జీ (పాతకాలపు చైనా తత్వవేత్త) ఎప్పుడో చెప్పాడు" అనే రోగం. మనకీ ఉందిలెండి, "ఇది మా శంకరాచార్యుడు ఎప్పుడో చెప్పాడు" అనకుండా మనవాళ్ళు డెకార్ట్‌ని పది పేజీలు చదవలేరు. డెకార్ట్ 1641లో రాసిన 'మెడిటేషన్స్' మొదటిదాంట్లో కల మాట వస్తుంది, నేనిప్పుడు మేలుకుని ఉన్నానని ఎలా తెలుసు అని. వెంటనే చైనా పిల్లలు సీతాకోకచిలుక అంటారు, జువాంగ్‌జీ కలలో సీతాకోకచిలుక అయ్యాడు, లేచాక తనే సీతాకోకచిలుకై మనిషినని కలగంటున్నాడేమో అనుకున్నాడు. పోలిక బాగుంది, కానీ డెకార్ట్‌కి ఆ అనుమానం పనిముట్టు మాత్రమే, దేనితోనూ కదలని ఒక్క సత్యం దొరికేదాకా తవ్వడానికి, ఆ సత్యం రెండో మెడిటేషన్‌లోనే దొరుకుతుంది, ఆరోదాని చివరికల్లా కల అనుమానాన్ని కూడా దాటేస్తాడు. జువాంగ్‌జీ దాటడు, దాటాలన్న తొందర కూడా ఆయనకి లేదు. తేడా ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకా పోలికని లాగగలిగితే వాడండి, లేకపోతే నోట్స్‌లో రాసుకుని ముందుకెళ్ళండి.

ఎవరి మాట ఎవరిదో చూసుకోవాలి. మన శాస్త్రాల్లో పూర్వపక్షం అంటామే, అవతలివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి తర్వాత ఖండించడం, పాశ్చాత్యులు కూడా పేజీలకి పేజీలు అదే చేస్తారు, కాకపోతే "ఇది పూర్వపక్షం" అని బోర్డు పెట్టరు. 'రిపబ్లిక్' మొదటి పుస్తకంలో న్యాయమంటే బలవంతుడి లాభమే అని థ్రసిమాకస్ అంటాడు, దాన్ని ప్లేటో కొటేషన్‌గా పోస్టర్ వేసి తిప్పేవాళ్ళు ఏ దేశంలోనైనా ఉన్నారు. వాక్‌స్వేచ్ఛని సమర్థించే మిల్ 'ఆన్ లిబర్టీ' రెండో చాప్టర్‌లో అవతలివాళ్ళ అభ్యంతరాలు చాలా మర్యాదగా, పొడుగ్గా చెప్తాడు, తొందరలో చదివితే మిల్ సెన్సార్‌షిప్ సపోర్టర్ అనిపిస్తాడు. మా పిల్లలకి రెండు రంగుల పెన్నులు ఇచ్చేవాణ్ణి, రచయిత మాట ఒక రంగు, ప్రతివాది మాట ఇంకో రంగు. చిన్నపిల్లల పనిలా ఉంటుంది, సిగ్గుపడొద్దు.

రెండు భాషల కాపీలు పక్కపక్కన పెట్టుకోవడానికి పేజీ నంబర్లతో పని జరగదు. ప్లేటోకి మార్జిన్‌లో 1578 నాటి స్టెఫానస్ ఎడిషన్ నంబర్లు ఉంటాయి, యూథిఫ్రోలో పైన చెప్పిన ప్రశ్న 10ఏ దగ్గర ఉంటుంది, ఏ భాషలోనైనా. అరిస్టాటిల్‌కి బెకర్ నంబర్లు, కాంట్ క్రిటిక్‌కి ఏ, బీ అని రెండు రకాలు, ఏ అంటే 1781 మొదటి ఎడిషన్, బీ అంటే 1787 రెండోది. ఈ నంబర్లు మార్జిన్‌లో లేని కాపీ ఇంగ్లీష్‌దైనా చైనీస్‌దైనా కొనొద్దని చెప్పండి. ఎక్కడైనా ఇంగ్లీష్ గందరగోళంగా ఉంటే అదే నంబర్ దగ్గర చైనీస్ తీయడం, రెండూ ఒకే మాట చెప్తే సమస్య మనదగ్గర ఉన్నట్టు, రెండూ వేరేగా చెప్తే అక్కడ మూలంలోనే ఏదో ముడి ఉన్నట్టు, అలాంటి చోట్ల టైమ్ పెట్టండి.

యాప్‌లో పేరా పడేసి చైనీస్ చేయించుకోవడం గురించి కూడా అడిగారు. అప్పుడప్పుడూ ఒక వాక్యం కోసం సరే. అలవాటు చేసుకుంటే మాత్రం అది కష్టమైన చోటుని నున్నగా చేసేసి ఇస్తుంది, కష్టం ఎక్కడుందో కూడా తెలియకుండా పోతుంది.

ఇంక మీ ఇద్దరి వరస. రస్సెల్, తర్వాత 'యూథిఫ్రో', దాని వెంటే 'అపాలజీ', 'క్రిటో', తర్వాత డెకార్ట్ ఆరు మెడిటేషన్లు, బర్క్లీ సంభాషణలు, ఆపైన హ్యూమ్ 1748 'ఎంక్వైరీ'. స్పినోజాని ఇప్పుడు వదిలేయండి. హ్యూమ్‌లో నాలుగో సెక్షన్ దగ్గర ఆగి బాగా నలగ్గొట్టండి, రేపు సూర్యుడు ఉదయిస్తాడని, ఇప్పటిదాకా కడుపు నింపిన రొట్టె రేపూ నింపుతుందని మనం దేన్ని బట్టి నమ్ముతున్నాం అనే భాగం. వారానికి ఒకసారి కూర్చోండి, ఒకరు రచయిత పక్షం, ఒకరు ఎదురు, తర్వాతి వారం తారుమారు. మీకు తెలుగులో నేపథ్యం కావాలంటే నండూరి రామమోహనరావు గారి 'విశ్వదర్శనం' పాశ్చాత్య భాగం పక్కన పెట్టుకోండి, కానీ ఆ వారం చదివే మూలం అయ్యాకే తెరవండి.

కాంట్‌కి అప్పుడు రండి, క్రిటిక్‌తో కాదు, 1783 'ప్రొలెగోమినా'తో. క్రిటిక్ ఎవరికీ అర్థం కాక, గోటింగెన్‌లో ఒక రివ్యూ దాన్ని మరీ చిన్నచూపు చూస్తే, కాంట్ ఒళ్ళు మండి రాసిన పుస్తకం అది, క్రిటిక్‌లో దాదాపు పావు వంతే ఉంటుంది. తనని పిడివాద నిద్ర నుంచి లేపింది హ్యూమ్ అని అందులోనే ఒప్పుకుంటాడు, మీరు అప్పటికి నాలుగో సెక్షన్ చదివి ఉంటారు కాబట్టి దేనికి లేచాడో తెలుస్తుంది. ఈ పుస్తకం మాత్రం మీ రూమ్మేట్‌ని మొదట చైనీస్‌లో చదివి, తర్వాత మీతో ఇంగ్లీష్‌లో కూర్చోమనండి. హెగెల్ ఊసు అతను ఇప్పటికే ఎత్తి ఉంటే, ప్రొలెగోమినా అయ్యాక ఇక్కడే ఇంకో ప్రశ్న వేయండి, దానికి వేరే సమాధానం కావాలి.